షేర్‌పాయింట్ పర్మిషన్లు: ఏడీ గ్రూపులో చేర్చాక కూడా యాక్సెస్ ఎందుకు రావడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఫ్యాక్టరీ, హెడ్ ఆఫీసు కలిపి 600 మంది స్టాఫ్. షేర్‌పాయింట్ సర్వర్ 2019 (డాక్యుమెంట్లు, ఆఫీసు సైట్లు పెట్టుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) మీద ఇంట్రానెట్ నడుస్తోంది. మీకంటే ముందున్న అడ్మిన్ ఏ సైట్‌కైనా ఒక్కొక్కరి పేరు విడిగా ఎక్కించి పర్మిషన్ ఇచ్చారు. ఇప్పుడు ఎవరికి ఏముందో ఎవరికీ తెలియదు. మీరు యాక్టివ్ డైరెక్టరీలో (ఏడీ, అంటే కంపెనీ యూజర్ల, గ్రూపుల జాబితా ఉండే చోటు) పర్చేజ్ వాళ్లకు ఒక గ్రూప్ తయారుచేసి సైట్‌కు కలిపారు, ఒకమ్మాయిని అందులో చేర్చారు. ఆమెకు సాయంత్రం దాకా 'యాక్సెస్ డినైడ్' వచ్చింది. మేనేజర్ ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే టెన్షన్ తట్టుకోలేక ఆమె పేరు నేరుగా సైట్‌లో పెట్టేశారు, వెంటనే తెరుచుకుంది. 'అలాంటప్పుడు గ్రూపులు దేనికి సార్?' అని అడిగారు. దానితోపాటు, లైనక్స్ మీద నడిచే మీ లీవ్ పోర్టల్‌కు గ్రూపులో ఉన్న గ్రూపు కనబడటం లేదని చివర్లో ఒక ముక్క చేర్చారు.

నేను ఈ పనిలో పదిహేనేళ్లకు పైగా ఉన్నాను. మీరు పెట్టిన గ్రూపులో తప్పేమీ లేదు. ఆ రోజు రాత్రి వరకు ఆగి ఉంటే ఆమెకు యాక్సెస్ వచ్చి ఉండేది. ముందు ఆ ఆలస్యం సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది గ్రూపుల దారి వదిలేసేది సరిగ్గా అక్కడే.

రేషన్ కార్డు గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో కొత్త కోడలి పేరు కార్డులో ఎక్కించాలంటే తహశీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాలి. అక్కడ పేరు ఎక్కిన మరునిమిషమే షాపుకెళ్లి బియ్యం అడిగితే డీలర్ తన దగ్గరున్న లిస్టు చూసి 'మీ పేరు లేదమ్మా' అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆయన దగ్గరున్నది పాత లిస్టు. మీ షేర్‌పాయింట్ చేసింది కూడా అంతే. ఒక మనిషి సైట్‌లోకి మొదటిసారి వచ్చినప్పుడు షేర్‌పాయింట్ ఆ మనిషి ఏయే ఏడీ గ్రూపుల్లో ఉన్నారో చూసి, ఆ జాబితాతో ఒక టోకెన్ తయారుచేసుకుని దాచుకుంటుంది. మామూలు సెట్టింగ్‌లో ఆ టోకెన్ ఆయుష్షు 10 గంటలు. ఆ లోపల మీరు ఏడీలో ఏం మార్చినా అది మళ్లీ అడగదు.

దీనికి తోడు విండోస్ వైపు ఇంకో గడియారం ఉంది. పొద్దున ఆమె కంప్యూటర్‌లోకి లాగిన్ అయినప్పుడు కెర్బెరోస్ టికెట్ (ఆమె ఎవరో సర్వర్లకు రుజువు చేసే చీటీ లాంటిది) వచ్చింది. దాని గడువు కూడా డొమైన్ మామూలు పాలసీలో 10 గంటలే, అందులోనూ అప్పటి గ్రూపులే ఉంటాయి. అందుకే ఫైల్ షేర్ల విషయంలో 'ఒకసారి లాగాఫ్ చేసి రండి' అంటే పని జరుగుతుంది. షేర్‌పాయింట్‌తో చాలాసార్లు జరగదు, ఎందుకంటే అది దాచుకున్న టోకెన్ సర్వర్ దగ్గరుంది, ఆమె కంప్యూటర్‌లో కాదు. ఆమె లాగాఫ్ చేసినా, మెషిన్ రీస్టార్ట్ చేసినా ఆ టోకెన్ అక్కడే కూర్చుని ఉంటుంది.

పేరు నేరుగా పెడితే వెంటనే ఎందుకు తెరుచుకుంది? ఎందుకంటే ఆ రాత షేర్‌పాయింట్ సొంత డేటాబేస్‌లోది. దానికోసం ఏడీ వైపు చూడక్కర్లేదు. ఈ 'వెంటనే' అనే రుచి చాలా ప్రమాదం. మీకంటే ముందున్న అడ్మిన్‌కు కూడా ఇలాగే ఎవరో మేనేజర్ ఫోన్ చేసి ఉంటారు, ఆయనా ఇలాగే ఒక పేరు పెట్టి ఉంటారు. అలాంటి ఫోన్లు ఏళ్ల తరబడి వస్తే ఇప్పుడు మీ చేతిలో ఉన్న చిక్కుముడి తయారవుతుంది.

ఆలస్యం తగ్గించుకోవచ్చు. సెక్యూరిటీ టోకెన్ సర్వీస్ కాన్ఫిగరేషన్‌లో రెండు విలువలున్నాయి, పవర్‌షెల్‌తో (విండోస్‌లో కమాండ్లు రాసే సాధనం) మార్చాలి. ఒకటి విండోస్ టోకెన్ లైఫ్‌టైమ్, అదే పైన చెప్పిన 10 గంటలు. రెండోది లాగాన్ టోకెన్ క్యాష్ ఎక్స్‌పిరేషన్ విండో, మామూలుగా 10 నిమిషాలు. రెండోది ఎప్పుడూ మొదటిదానికంటే బాగా చిన్నదిగా ఉండాలి. మొదటిదాన్ని 5 నిమిషాలకు దించేసి రెండోదాన్ని 10 దగ్గరే వదిలేస్తే, టోకెన్ పుట్టీపుట్టకముందే గడువు దాటినట్టు లెక్క, ఎవరూ సైట్‌లోకి రాలేరు. నేను మామూలుగా మొదటిది ఒక గంట, రెండోది 2 నిమిషాలు పెడతాను. ఇంకా తగ్గించమని కొందరంటారు. తగ్గించినకొద్దీ డొమైన్ కంట్రోలర్లను (ఏడీని నడిపే సర్వర్లు) అడిగే పని పెరుగుతుంది, 600 మందికి ఒక గంట చాలు. మారుస్తున్నప్పుడు పాత విలువలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇదంతా యాక్సెస్ ఇచ్చే వైపు. తీసేసే వైపు ఇంకా ముఖ్యం, దాని గురించి మీరు అడగలేదు. ఒక ఉద్యోగిని మధ్యాహ్నం పన్నెండుకు పని నుంచి తీసేశారు, హెచ్‌ఆర్ చెప్పగానే మీరు గ్రూప్‌లోంచి పేరు తీసేశారు. అదే 10 గంటల టోకెన్ వల్ల అతను సాయంత్రం దాకా డాక్యుమెంట్లు దించుకోగలడు. అలాంటి అత్యవసరంలో సెంట్రల్ అడ్మినిస్ట్రేషన్‌కు (షేర్‌పాయింట్ మొత్తాన్ని నడిపే అడ్మిన్ పేజీలు) వెళ్లి, ఆ వెబ్ అప్లికేషన్ యూజర్ పాలసీలో అతని పేరుకు 'డినై ఆల్' పెట్టండి. సైట్లలో ఎక్కడ ఏ పర్మిషన్ ఉన్నా దీని ముందు చెల్లదు. పేరు నేరుగా పెట్టడం సరైన పని అయ్యే చోట్లు నాకు తెలిసి రెండే, అందులో ఇది ఒకటి. అకౌంట్ డిసేబుల్ చేయడం ఎలాగూ చేస్తారు, కానీ అదొక్కటే నమ్ముకోకండి.

ఇప్పుడు అసలు కట్టడం ఎలా ఉండాలో చెప్తాను.

మూడు ప్రశ్నలున్నాయి. ఈ మనిషి ఎవరు, ఏ పని చేస్తారు? ఈ సైట్‌లోకి ఎవరెవరు రావచ్చు? వచ్చినవాళ్లు ఏమేం చేయవచ్చు? మొదటిదానికి జవాబు ఏడీలో ఉండాలి. రెండోదానికి షేర్‌పాయింట్ గ్రూపులో ఉండాలి: ఓనర్లు, మెంబర్లు, విజిటర్లు అని సైట్‌తోపాటే పుట్టే ఆ మూడు గ్రూపులే. మూడోదానికి ఆ గ్రూపుకు ఇచ్చిన పర్మిషన్ లెవెల్‌లో ఉండాలి. అంటే మనిషి ఏడీ గ్రూపులో, ఏడీ గ్రూప్ షేర్‌పాయింట్ గ్రూపులో, షేర్‌పాయింట్ గ్రూప్‌కు పర్మిషన్. మీరు ఏడీ గ్రూప్‌కు నేరుగా సైట్ పర్మిషన్ ఇచ్చారు. అది తప్పని అనను, పనిచేస్తుంది. కానీ మధ్యలో షేర్‌పాయింట్ గ్రూప్ ఉంటే సైట్ ఓనర్ తన పేజీ తెరిచి 'మెంబర్లలో పర్చేజ్ స్టాఫ్, స్టోర్స్ స్టాఫ్ ఉన్నారు' అని ఒక్క చూపులో చదువుకోగలరు.

విండోస్ అడ్మిన్లకు ఇది కొత్త కాదు. యాక్టివ్ డైరెక్టరీ విండోస్ 2000తో వచ్చిన నాటి నుంచి ట్రైనింగుల్లో ఏజీడీఎల్‌పీ అని బట్టీ పట్టించేవాళ్లు: అకౌంట్ గ్లోబల్ గ్రూపులో, గ్లోబల్ గ్రూప్ డొమైన్ లోకల్ గ్రూపులో, దానికి పర్మిషన్. షేర్‌పాయింట్‌లో ఆ డొమైన్ లోకల్ చేసే పని షేర్‌పాయింట్ గ్రూపే చేసేస్తుంది. కాబట్టి మీలా ఒకే డొమైన్ ఉన్నచోట గ్లోబల్ సెక్యూరిటీ గ్రూపులు చాలు. 'సెక్యూరిటీ' అన్న మాట గమనించండి. మెయిల్ పంపడానికి వాడే డిస్ట్రిబ్యూషన్ గ్రూప్ పర్మిషన్లకు పనికిరాదు. కొత్తగా గ్రూప్ తయారుచేసేటప్పుడు ఆ బొత్తం ఎటు ఉందో చూడకుండా ముందుకెళ్లి, తర్వాత అరపూట తలపట్టుకున్న రోజు నాకూ ఉంది.

గ్రూపుల పేర్లు సైట్ల పేర్లతో పెట్టకండి. 'పర్చేజ్ సైట్ ఎడిటర్లు' అన్న పేరు ఏడీలో ఉంటే, రేపు సైట్ మారినప్పుడు ఆ గ్రూప్ దేనికో ఎవరికీ గుర్తుండదు. మనిషి చేసే పని పేరుతో పెట్టండి: పర్చేజ్ స్టాఫ్, పర్చేజ్ మేనేజర్లు, ఫ్యాక్టరీ షిఫ్ట్ ఇంచార్జిలు. ఈ గ్రూపులే ఫైల్ షేర్లకూ పనికొస్తాయి, లీవ్ పోర్టల్‌కూ పనికొస్తాయి. మనిషి డిపార్ట్‌మెంట్ మారితే ఏడీలో ఒక గ్రూప్ నుంచి తీసి ఇంకో గ్రూపులో వేస్తారు, పది సైట్లలో పది మార్పులు వాటంతట అవే జరుగుతాయి.

ఇంకో లాభం ఎవరూ పెద్దగా చెప్పరు. సెర్చ్ ఇండెక్స్‌లో ప్రతి డాక్యుమెంట్ పక్కన దాన్ని ఎవరు చూడొచ్చో కూడా రాసి ఉంటుంది. అక్కడ ఏడీ గ్రూప్ గుర్తు ఉంటే, ఆ గ్రూపులోకి మనుషులు వచ్చినా పోయినా ఇండెక్స్‌లో మార్చాల్సింది లేదు. షేర్‌పాయింట్ గ్రూపులో పేర్లు నేరుగా మారుస్తూ ఉంటే మాత్రం ఆ సైట్ డాక్యుమెంట్ల పర్మిషన్ సమాచారాన్ని క్రాలర్ (సెర్చ్ కోసం డాక్యుమెంట్లు చదివే ప్రోగ్రామ్) మళ్లీ తీసుకోవాలి. లైబ్రరీ పెద్దదైతే ఆ తేడా తెలుస్తుంది.

నష్టాలు కూడా ఉన్నాయి, దాచను. సైట్ ఓనర్‌కు ఏడీ గ్రూప్ పేరు కనబడుతుంది కానీ లోపల ఎవరున్నారో కనబడదు. ఒక్కరి గురించి అయితే 'చెక్ పర్మిషన్స్' బటన్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు, అది ఏ గ్రూప్ ద్వారా వచ్చిందో కూడా చెప్తుంది. మొత్తం జాబితా కావాలంటే మిమ్మల్నే అడగాలి. అలాగే లిస్టుల్లో మనిషి పేరు ఎంచుకునే కాలమ్‌ను ఒక షేర్‌పాయింట్ గ్రూప్‌కు పరిమితం చేసి ఉంటే, అందులో ఉన్న ఏడీ గ్రూపులోని మనుషులు ఆ ఎంపికలో రారు. ఇలాంటి కాలమ్‌లు మీ దగ్గర ఎక్కడున్నాయో ముందే వెతికి పెట్టుకోండి.

పేరు నేరుగా పెట్టే రెండో సందర్భం చిన్న ప్రాజెక్టు టీమ్. నాలుగు డిపార్ట్‌మెంట్ల నుంచి ఏడుగురు మూడు నెలలు కలిసి పనిచేస్తారు, ఆ తర్వాత ఎవరికి వారే యమునా తీరే. దానికోసం ఏడీలో గ్రూప్ అక్కర్లేదు, ఆ సైట్ మెంబర్లలో పేర్లు పెట్టండి. ప్రాజెక్టు అయిపోయాక సైట్‌తోపాటు అవీ పోతాయి.

మెంబర్ల విషయంలో ఇంకో సంగతి. 2013 వెర్షన్ నుంచి మెంబర్ల గ్రూప్‌కు మామూలుగా వచ్చేది 'ఎడిట్' లెవెల్. దాంతో మొత్తం లిస్టునే డిలీట్ చేయవచ్చు, ఒక్క ఐటమ్‌ను మాత్రమే కాదు. మీ సైట్లలో దాన్ని 'కాంట్రిబ్యూట్'కు మార్చండి. డాక్యుమెంట్లు పెట్టుకుంటారు, మార్చుకుంటారు, లైబ్రరీని ఎగరగొట్టలేరు.

ఒక అనుభవం చెప్తాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒకాయన పర్చేజ్‌లో చేరి, రెండేళ్లకు స్టోర్స్‌కు, ఆ తర్వాత అకౌంట్స్‌కు మారారు. మంచి మనిషి, పనిమంతుడు. మారిన ప్రతిసారీ కొత్త సైట్‌లో ఆయన పేరు ఎక్కించాం, పాత సైట్‌లో ఎవరూ తీయలేదు. తీయమని ఎవరూ అడగరు కదా, యాక్సెస్ రాకపోతేనే ఫోన్ వస్తుంది, మిగిలిపోతే రాదు. ఆడిట్ వచ్చినప్పుడు తేలింది: ఆర్డర్ పెట్టే ఫారమ్, సరుకు అందిందని రాసే ఫారమ్, బిల్లు పాస్ చేసే ఫారమ్ మూడూ ఆయన ఒక్కరే మార్చగలిగేలా ఉన్నాయి. ఆయన ఏ తప్పూ చేయలేదు, ఆ సంగతి ఆయనకు తెలియను కూడా తెలియదు. కానీ ఆడిటర్ ముందు రెండు రోజులు నిలబడాల్సి వచ్చింది, ఆయనా నేనూ. జవాబుదారీ ఎవరంటే తిలాపాపం తలా పిడికెడు అయింది. ఆ తర్వాతే మా దగ్గర గ్రూపుల పని మొదలైంది.

ఆ పని మొదలుపెట్టాక నాకు అర్థమైంది, గ్రూపులో ఎవరుండాలో ఐటీ వాళ్లు నిర్ణయించకూడదని. పర్చేజ్‌లో ఎవరు పనిచేస్తున్నారో పర్చేజ్ హెడ్‌కు తెలుసు, హెచ్‌ఆర్‌కు తెలుసు, మనకు తెలియదు. మనం మెయిల్ వచ్చినప్పుడు పేరు చేరుస్తాం, అంతే. ప్రతి గ్రూప్‌కూ ఒక యజమాని ఉండాలి. ఏడీలో గ్రూప్ ప్రాపర్టీస్ తెరిస్తే 'మేనేజ్డ్ బై' అనే ట్యాబ్ ఉంది. అక్కడ ఆ డిపార్ట్‌మెంట్ హెడ్ పేరు పెట్టి, కింద 'మేనేజర్ మెంబర్‌షిప్ లిస్ట్‌ను మార్చవచ్చు' అనే గడిలో టిక్ పెడితే, ఆయనకు డొమైన్‌లో ఇంకే అధికారం లేకుండానే ఆ ఒక్క గ్రూప్ మాత్రం మార్చుకునే వీలు వస్తుంది. చాలా చోట్ల హెడ్‌లు నిజంగా మార్చరు, వాళ్ల కింద సీనియర్ అసిస్టెంట్ ఎవరో చేస్తారు. అయినా ఫర్వాలేదు. మూడు నెలలకోసారి ఆ గ్రూపులోని పేర్లు ప్రింట్ తీసి హెడ్ సంతకం పెట్టించండి. మా దగ్గర మొదటిసారి ప్రింట్ తీసి ఇచ్చినప్పుడు ఒక హెడ్ నాలుగు పేర్లు కొట్టేశారు, అందులో ఒకరు రిటైరై ఏడాది దాటింది.

'డొమైన్ యూజర్స్' గ్రూపును విజిటర్లలో పెట్టేసి చేతులు దులుపుకునే అలవాటు చాలామందికి ఉంది. అందులో కాంట్రాక్టు వాళ్ల అకౌంట్లు, స్కానర్ కోసం తయారుచేసిన అకౌంట్, బ్యాకప్ సర్వీస్ అకౌంట్ అన్నీ ఉంటాయి. అందరు ఉద్యోగులూ అని మీకు మీరే ఒక గ్రూప్ తయారుచేసుకోండి, దాంట్లో డిపార్ట్‌మెంట్ గ్రూపులను వేయండి. షేర్‌పాయింట్ గ్రూపులో గ్రూపును బాగానే లెక్కలోకి తీసుకుంటుంది. మీ లీవ్ పోర్టల్ తీసుకోదు, దాని సంగతి కిందకు వచ్చాక చెప్తాను.

ఫోల్డర్ స్థాయి పర్మిషన్లు. మీరు పంపిన వివరంలో 'ఒక్కో ఫోల్డర్‌కు ఒక్కో రకం' అన్న మాట చూసి నాకు గుండె గుభేలుమంది. పై స్థాయి నుంచి వచ్చే పర్మిషన్లను తెంచి సొంతంగా పెట్టుకోవడాన్ని ఇన్‌హెరిటెన్స్ తెంచడం అంటాం. ఒక లిస్టులో ఇలా తెంచినవి 50,000 దాకా ఉండవచ్చని మైక్రోసాఫ్ట్ పరిమితి, కానీ సిఫారసు 5,000. సమస్య ఆ సంఖ్యల దాకా పోకముందే మొదలవుతుంది, ఎందుకంటే అడ్మిన్ బుర్ర యాభై దాటితేనే గుర్తుపెట్టుకోలేదు. జీతాల ఫైళ్లు వేరుగా ఉండాలంటే ఆ ఫోల్డర్‌ను తెంచకండి, వేరే లైబ్రరీ పెట్టండి. ఇంకా గట్టిగా కావాలంటే వేరే సైట్ పెట్టండి. మనుషులు వేరైతే గది కూడా వేరుగా ఉండాలి, ఒకే బీరువాలో అరకో తాళం పెట్టుకుంటూ పోతే తాళంచెవుల గుత్తి మోయడమే పని అవుతుంది.

అలాంటి తెంచిన చోట్లు ఉన్నందువల్ల మీ సైట్ పర్మిషన్ల పేజీలో కొన్ని పేర్ల పక్కన 'లిమిటెడ్ యాక్సెస్' అని కనబడుతుంది. ఏదో పనికిరాని చెత్త అనుకుని దాన్ని తీసేయకండి. అది కింద ఎక్కడో ఒక ఫైల్‌కు ఇచ్చిన పర్మిషన్‌కు దారి. పైన దాన్ని తీస్తే కింద ఆ మనిషికి ఉన్నవన్నీ పోతాయి, ఏం పోయాయో చెప్పే జాబితా కూడా మిగలదు.

నా తప్పు ఒకటి కూడా చెప్తాను, మీకు ఉపయోగపడుతుంది. ఒకసారి ఏడీ శుభ్రం చేస్తూ పాతదనుకుని ఒక గ్రూప్ డిలీట్ చేశాను. పది నిమిషాల్లో ఫోన్లు. అయ్యో అనుకుని అదే పేరుతో గ్రూప్ మళ్లీ తయారుచేసి, అదే మనుషులను వేశాను. ఒక్కరికీ యాక్సెస్ రాలేదు. ఎందుకంటే విండోస్‌కు గ్రూప్ అంటే పేరు కాదు, ఎస్-1-5-21తో మొదలయ్యే ఒక పొడవాటి నంబర్, దాన్నే ఎస్‌ఐడీ అంటాం. షేర్‌పాయింట్‌లో రాసి ఉన్నది ఆ నంబరే. కొత్త గ్రూప్‌కు కొత్త నంబర్ వచ్చింది, పాత రాతలన్నీ లేని గ్రూపును చూపిస్తూ మిగిలిపోయాయి. ప్రతి సైట్‌లోకి వెళ్లి మళ్లీ కలుపుకుంటూ కూర్చున్నాను.

అందుకని ఈ రోజే మీ డొమైన్‌లో ఏడీ రీసైకిల్ బిన్ ఆన్ చేసి ఉందో లేదో చూడండి. విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి ఉంది, కానీ మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది, ఆన్ చేశాక ఆపడానికి లేదు. అది ఉంటే పోయిన గ్రూప్ అదే ఎస్‌ఐడీతో, అదే సభ్యులతో తిరిగొస్తుంది. మామూలుగా 180 రోజుల దాకా వెనక్కి తేవచ్చు. గ్రూప్ డిలీట్ అయ్యాక ఆన్ చేస్తే ఆ గ్రూప్‌కు పనికిరాదు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. పేరు మార్చడం మాత్రం భయం లేని పని, నంబర్ మారదు. కాకపోతే షేర్‌పాయింట్‌లో పాత పేరే కనబడుతూ ఉంటుంది, దాన్ని విడిగా సరిచేసుకోవాలి.

ఇక ఉన్న చిక్కుముడిని విప్పడం. అన్ని సైట్లూ ఒకేసారి ముట్టుకోకండి. గొడవ తక్కువగా ఉండే ఒక డిపార్ట్‌మెంట్ తీసుకోండి. పవర్‌షెల్‌తో ఆ సైట్‌లో ఎక్కడెక్కడ ఇన్‌హెరిటెన్స్ తెగిందో, ఎవరెవరి పేర్లు నేరుగా ఉన్నాయో ఎక్సెల్‌లోకి తీయండి. ఆ కాగితం పట్టుకుని హెడ్ దగ్గరికి వెళ్లి కూర్చోండి. మెయిల్‌లో పంపితే జవాబు రాదు, టీ తాగుతూ అడిగితే అరగంటలో అయిపోతుంది. ఏడీ గ్రూపులు తయారుచేసి షేర్‌పాయింట్ గ్రూపుల్లో వేయండి, పాత పేర్లను మాత్రం అలాగే ఉంచండి. రెండు వారాలు అలా నడవనివ్వండి. ఆ తర్వాత ఒక శుక్రవారం కాకుండా మంగళవారమో బుధవారమో పాత పేర్లు తీయండి. శుక్రవారం తీస్తే శనివారం మీది కాదు. తీసే ముందు మీ పేరు సైట్ కలెక్షన్ అడ్మినిస్ట్రేటర్లలో ఉందో లేదో చూసుకోండి, తనను తానే బయట పెట్టుకున్న అడ్మిన్లను నేను చూశాను. కొన్ని ఫోన్లు వస్తాయి. ఆ ఫోన్ చేసినవాళ్లను సరైన గ్రూపులో వేయండి, సైట్‌లో కాదు.

ఇంత చేశాక నీళ్లు మళ్లీ ఎక్కడినుంచి కారతాయో తెలుసా? 'షేర్' బటన్ నుంచి. ఎవరో మెంబర్ ఒక ఫైల్ మీద షేర్ నొక్కి ఇంకొకరి పేరు కొడతారు, అక్కడ ఇన్‌హెరిటెన్స్ తెగి, ఒక పేరు నేరుగా ఎక్కుతుంది. సైట్ పర్మిషన్ల పేజీలో యాక్సెస్ రిక్వెస్ట్ సెట్టింగ్స్ తెరవండి. మెంబర్లు సైట్‌ను, ఫైళ్లను షేర్ చేయవచ్చు అనే గడిలో టిక్ తీసేయండి. యాక్సెస్ రిక్వెస్ట్‌లు వచ్చే మెయిల్ అడ్రస్ దగ్గర మీ హెల్ప్‌డెస్క్ అడ్రస్ పెట్టండి. సైట్ ఓనర్‌కు వెళ్తే ఆయన ఫోన్‌లోంచి 'అప్రూవ్' నొక్కేస్తారు, ఆ పేరు మళ్లీ సైట్‌లోకే చేరుతుంది.

లీవ్ పోర్టల్ సంగతి. అది ఎల్‌డాప్‌తో (డైరెక్టరీని ప్రశ్నలడిగే పద్ధతి) ఏడీని అడుగుతోంది. మనిషి రికార్డులో 'మెంబర్ ఆఫ్' అనే గుణం చూస్తోందనుకుంటాను. అందులో నేరుగా ఉన్న గ్రూపులే ఉంటాయి. ఆమె పర్చేజ్ స్టాఫ్‌లో ఉంటే, పర్చేజ్ స్టాఫ్ అందరు ఉద్యోగుల గ్రూపులో ఉంటే, ఆమె రికార్డులో పర్చేజ్ స్టాఫ్ ఒక్కటే కనబడుతుంది. పైగా ప్రైమరీ గ్రూప్, అంటే మామూలుగా డొమైన్ యూజర్స్, ఆ జాబితాలో అసలు రాదు. ఏడీకి దీనికోసం ఒక ప్రత్యేక వెతుకులాట నియమం ఉంది, దాని నంబర్ 1.2.840.113556.1.4.1941. పోర్టల్ ఫిల్టర్‌లో 'మెంబర్ ఆఫ్' తర్వాత రెండు కోలన్ల మధ్య ఆ నంబర్ పెట్టి, గ్రూప్ పూర్తి డీఎన్ (ఏడీలో దాని పూర్తి చిరునామా) రాస్తే గొలుసంతా వెతికి జవాబిస్తుంది. కాస్త బరువైన ప్రశ్న అది, ప్రతి పేజీకీ అడగొద్దు. లాగిన్ అప్పుడు ఒకసారి అడిగి సెషన్‌లో పెట్టుకోమని మీ డెవలపర్‌కు చెప్పండి. అక్కడ కూడా పాత లిస్టు సమస్య వస్తుంది, లాగౌట్ చేసి వస్తే పోతుంది.

గ్రూపులు ఎక్కువైతే ఇంకో జబ్బు ఉంది, మీకు ఇప్పుడే రాదు కానీ గుర్తుంచుకోండి. ఒక మనిషి టోకెన్‌లో 1,015 గ్రూపులు దాటితే విండోస్‌లో లాగిన్ కూడా అవ్వలేరు. అంతకంటే చాలా ముందే టికెట్ సైజ్ పెరిగి, బ్రౌజర్ పంపే హెడర్ ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) మామూలుగా ఒప్పుకునే 16 కేబీ దాటి, 'బ్యాడ్ రిక్వెస్ట్' 400 అని వస్తుంది. ఒక్క మనిషికి అన్ని సైట్లూ అలా వచ్చి, పక్క సీటువాళ్లకు బాగానే ఉంటే ముందు ఇదే అనుమానించండి. పాత లెక్క ప్రకారం టికెట్‌లో ఒక గ్లోబల్ గ్రూప్ 8 బైట్లు తీసుకుంటే, ఒక డొమైన్ లోకల్ గ్రూప్ 40 తీసుకుంటుంది. గ్లోబల్ చాలు అని నేను పైన అన్నదానికి ఇది కూడా ఒక కారణం.

2019 వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగింపు తేదీ 2026 జూలై 14. కాబట్టి షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌కు మారే చర్చ మీ ఆఫీసులోనూ ఉండే ఉంటుంది. ఏడీ గ్రూపులు ఎంట్రా ఐడీలోకి సింక్ అవుతాయి (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోని డైరెక్టరీ, 2023 దాకా అజూర్ ఏడీ అన్న పేరుతో ఉన్నది అదే), మామూలుగా 30 నిమిషాలకోసారి. అంటే ఇప్పుడు పనిపేరుతో కట్టుకునే గ్రూపులు అక్కడా పనికొస్తాయి. ఒక్క జాగ్రత్త: ఎంట్రాలో ఏదైనా యాప్‌ను ఒక గ్రూప్‌కు అసైన్ చేస్తే, దాని లోపలి గ్రూపుల్లోని మనుషులకు అది వర్తించదు. లీవ్ పోర్టల్‌ను అక్కడికి మార్చే రోజు వస్తే ఇదే తలనొప్పి ఇంకో రూపంలో చూస్తారు.

ఆ పర్చేజ్ అమ్మాయి విషయానికి వస్తే, రేపు పొద్దున ఆమె ఆఫీసుకు వచ్చాక 'చెక్ పర్మిషన్స్'లో ఆమె పేరు కొట్టండి. నేరుగా ఇచ్చిందీ, గ్రూప్ ద్వారా వచ్చిందీ రెండూ కనబడితే నేరుగా ఇచ్చింది తీసేయండి. గ్రూప్‌ది కనబడకపోతే ఆ గ్రూప్ రకం సెక్యూరిటీయేనా డిస్ట్రిబ్యూషనా చూసి ఇక్కడ రాయండి, అక్కడి నుంచి చూద్దాం.